గిరి గీసుకున్న సాహసం

మన పెద్దలు మనకి రెండు మాటలు ఇచ్చిపోయారు. ఒకటి "నిదానమే ప్రధానం". రెండోది "ఆలస్యం అమృతం విషం". ఒకదానికొకటి బొత్తిగా పొసగవు. అయినా రెండూ మన ఇళ్ళలో హాయిగా కాపురం చేస్తున్నాయి. వచ్చిన సంబంధం నచ్చితే రెండోది, నచ్చకపోతే మొదటిది బయటికి తీస్తాం. మనం అప్పటికే చేసుకున్న నిర్ణయానికి పెద్దల చేత సంతకం పెట్టించడమే సామెతల పని కాబోలు!

ప్రమాదాల విషయంలోనూ మనది ఇదే ధోరణి. కొడుకు మోటారుసైకిలు కొంటానంటే గుండెలు బాదుకుంటాం. అదే కొడుకు స్కూటరు మీద ముందొక పిల్లనీ, వెనక పెళ్ళాన్నీ, మధ్యలో ఇంకో పిల్లాణ్ణీ ఇరికించుకుని, నెత్తిన హెల్మెట్ లేకుండా పెళ్ళికి బయల్దేరితే "ముచ్చటైన సంసారం" అని మురిసిపోతాం. ఏది ప్రమాదం, ఏది కాదు అన్నది మనం లెక్కవేసి తేల్చుకున్నది కాదు. అలవాటైతే క్షేమం, అలవాటు లేకపోతే ప్రమాదం. అంతే.

ఈ ఆలోచనలన్నీ నాకు మా చెల్లెలి కొడుకు మూలంగా వచ్చాయి. వాడికి హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం. ముప్ఫై నాలుగేళ్ళు. ఒక భార్య, మూడేళ్ళ కూతురు, ఇరవై ఏళ్ళ వాయిదాల మీద కొన్న ఫ్లాటు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ అని కరెంటు కార్ల పందెం జరిగింది, గుర్తుందా? దాన్ని చూసొచ్చిన వాళ్ళలో వీడొకడు. అప్పణ్ణించి బుర్రలో పురుగు దొలవడం మొదలుపెట్టింది. పందాల్లో పాల్గొంటాననలేదు, అంత వెర్రి వాడికి లేదు. "ట్రాక్ డే"కి వెళ్తానన్నాడు.

ట్రాక్ డే అంటే చాలామందికి తెలియదు కనక చెబుతాను. పందాల కోసం కట్టిన రోడ్డుని ఒక రోజుకి మామూలు మనుషులకి అద్దెకిస్తారు. రుసుము కట్టి, రోజూ ఆఫీసుకి తోలుకునే సొంత కారునే అక్కడికి పట్టుకెళ్ళి, ఇష్టమున్నంత వేగంగా నడుపుకోవచ్చు. గెలుపూ లేదు, ఓటమీ లేదు, బహుమతీ లేదు. ఎదురుగా లారీ రాదు, అడ్డంగా గేదె రాదు. మన దేశంలో ఇలాంటి చోట్లు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. గ్రేటర్ నోయిడాలో 2011 నుంచి 2013 దాకా ఫార్ములా వన్ పందాలు జరిగిన బుద్ధ్ సర్క్యూట్ ఒకటి, కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే ఒకటి, మా మద్రాసు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఒకటి. చెన్నై అనడానికి నోరు తిరగని తరం మాది, మన్నించండి. పూర్వం ఈ పందాలు యుద్ధకాలపు విమానాల బాట మీద, షోళవరంలో జరిగేవి. 1990 నుంచి ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల చుట్టుతో సొంత ట్రాకు ఏర్పడింది. హైదరాబాదు నుంచీ బెంగుళూరు నుంచీ కుర్రాళ్ళు అక్కడికే వస్తూ ఉంటారు.

అలా మా ఇంట్లో దిగాడు వాడు. వెనకే కోడలు, చంకలో పిల్ల.

"పెద్దత్తయ్యగారూ, మీరైనా చెప్పండి. ఈయనకేమన్నా అయితే ఫ్లాటు వాయిదాలు ఎవరు కడతారు? ఇన్సూరెన్సు కాయితం చదివాను. పందాలకీ, వేగపరీక్షలకీ వాడితే బండికి పైసా ఇవ్వమని రాసుంది" అంది ఆ పిల్ల.

ఆ మాట నిజం. మన మోటారు పాలసీలన్నిటిలోనూ ఆ షరతు ఉంటుంది. చాలామంది మగవాళ్ళు ఆ పేజీ దాకా వెళ్ళరు. ఆ పిల్ల వెళ్ళింది.

"రోడ్డు మీద కన్నా అక్కడే నయం పెద్దమ్మా" అన్నాడు వాడు. వాడిదగ్గరా లెక్కలున్నాయి. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది. ఇది ప్రభుత్వం వారి లెక్క. అందులో నూటికి డెబ్బై మందికి పైగా పోయింది మితిమీరిన వేగం వల్లనేట. "వేగంగా వెళ్ళాలన్న సరదా ఎలాగూ ఉంటుంది. ఔటర్ రింగు రోడ్డు మీద తీర్చుకోవడం మంచిదా, అంబులెన్సు పక్కన పెట్టుకుని తీర్చుకోవడం మంచిదా?" అని వాడి ప్రశ్న.

చూశారా, ఇద్దరూ న్యాయంగానే మాట్లాడుతున్నారు. ఇద్దరిదీ తప్పయితే సర్ది చెప్పడం సులువు. ఇద్దరిదీ ఒప్పయినప్పుడే పెద్దరికం పరీక్షకి నిలబడుతుంది. అందుకని తీర్పు చెప్పకుండా, "నేనూ వస్తాను, పదండి" అన్నాను. ఆ వయసులో ఆవిడకెందుకీ గొడవ అని మా వారు పేపరు చాటునుంచి గొణిగారు. ఆయన గొణుగుడు మాకు అలవాటే కనక అది క్షేమం కిందే లెక్క.

తెల్లవారుజామున బయల్దేరి వెళ్ళాం. ఏదో దుమ్మూ, కేకలూ, కేరింతలూ ఉంటాయనుకున్నాను. తీరా చూస్తే శ్రాద్ధంనాటి ఇల్లులా అన్నీ ఒక క్రమంలో ఉన్నాయి. ముందు కార్లలోంచి సమస్తం తీయించేశారు. నీళ్ళ సీసాలు, కాళ్ళకింది పట్టాలు, గొడుగులు, అద్దానికి వేలాడే బొమ్మలు, డిక్కీలో ఉన్న అదనపు చక్రం కూడా. ఎందుకయ్యా అని అడిగితే, మలుపులో సీసా దొర్లి బ్రేకు కిందికి వెళితే ఇంక బ్రేకు పడదు అన్నారు. మన కార్లలో సీటు కింద ఎన్ని సీసాలు దొర్లుతుంటాయో తలుచుకుని నాకు ఒళ్ళు ఝల్లుమంది.

ఆ తర్వాత బిగింపులు చూశారు, టైర్లు చూశారు, హెల్మెట్లు చూశారు. నూలు బట్టలు, నిండు చేతుల చొక్కా వేసుకోమన్నారు. నైలాను గుడ్డ నిప్పుకి కరిగి ఒంటికి అతుక్కుంటుందని వంటింట్లో మనకి తెలుసు. వాళ్ళకీ తెలుసు. తరవాత అందర్నీ కూర్చోబెట్టి గంటసేపు పాఠం. పసుపు జెండా ఊపితే ముందు ఏదో జరిగింది, నెమ్మదించాలి, ఎవర్నీ దాటకూడదు. ఎర్రజెండా అయితే అందరూ మెల్లిగా లోపలికి వచ్చెయ్యాలి. నీలం జెండా అంటే వెనక వేగంగా వస్తున్నవాడికి దారివ్వు అని. నల్లజెండా అంటే "నువ్వొక్కడివీ లోపలికి రా, నీతో పనుంది" అని. కొత్తవాళ్ళని వేరే జట్టు చేశారు. పక్కన గురువుని కూర్చోబెట్టారు. మలుపుల్లో దాటడం నిషేధం. తిన్నటి రోడ్డు మీద, అదీ ముందువాడు చెయ్యి చూపించి రమ్మంటేనే దాటాలి.

ముందువాడు రమ్మంటేనే దాటడం! మా కోడంబాక్కం బ్రిడ్జి మీద రోజుకి ఒక్క మనిషి ఈ మర్యాద పాటిస్తే చాలుననిపించింది.

గురువుగారు చెప్పిన సంగతులు నాకు తెలిసినంతలో మీకూ చెబుతాను. గంటకి 60 కిలోమీటర్లలో పోయే బండి 120కి చేరితే దాన్ని ఆపడానికి కావలసిన శ్రమ రెట్టింపు కాదు, నాలుగింతలు. ఆ శ్రమంతా బ్రేకుల్లో వేడిగా మారుతుంది. బ్రేకు గొట్టాల్లో ఉండే ద్రవం కాలక్రమాన గాలిలోని తేమని పీల్చుకుంటుంది. పాత ద్రవమైతే ఆ వేడికి మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే బలాన్ని అందిస్తుంది, ఆవిరి నొక్కితే కుంచించుకుపోతుందంతే. పెడలు దూదిలా మెత్తగా కిందికి దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. అందుకే కొత్త ద్రవం పోయించుకుని రమ్మంటారు. నాలుగైదు చుట్లు వేగంగా తిరిగాక ఒక చుట్టు నెమ్మదిగా తిరిగి చల్లార్చుకోమంటారు. లోపలికి రాగానే హ్యాండ్‌బ్రేకు లాగవద్దంటారు. కాలిన మూకుడు మీద చన్నీళ్ళు చల్లని ఇల్లాలికి ఇందులో కొత్తేమీ లేదు.

ఇంకోటి చెప్పారు. మలుపు మధ్యలో భయమేసి ఉన్నట్టుండి కాలు తీసేస్తే, బండి బరువంతా ముందుకి ఒరిగి, వెనక చక్రాలు పట్టు తప్పి, బొంగరంలా తిరుగుతుందిట. అంటే భయమే ప్రమాదం తెచ్చిపెడుతుందన్నమాట. కళ్ళు ఎటు చూస్తే చేతులు అటే తిప్పుతాయి కనక, గోడని చూస్తూ కూర్చుంటే గోడ దగ్గరికే పోతారు. వెళ్ళాల్సిన చోటునే చూడమన్నారు. ఈ ఒక్క మాట కోసం రుసుము కట్టినా నష్టం లేదనిపించింది.

"మరి కొత్తవాళ్ళకి ఎప్పుడు దెబ్బలు తగులుతాయి, మొదటి గంటలోనా?" అని అడిగాను. ఆయన నవ్వి, "కాదమ్మా, భోజనాలయ్యాక" అన్నారు. పొద్దున్న భయం కాపాడుతుంది. మధ్యాహ్నానికి నాకు వచ్చేసింది అన్న ధీమా పుడుతుంది. అప్పటికి టైర్లూ అలిసిపోతాయి, మనిషీ అలిసిపోతాడు. పైగా ఎవడో చిన్నకారువాడు దాటిపోయాడన్న ఉక్రోషం. "ఆఖరి ఒక్క చుట్టు" అనుకున్నవాడే గడ్డిలోకి వెళతాడుట. వంట నేర్చుకునే పిల్ల చెయ్యి కాల్చుకునేది మొదటి రోజు కాదు, పదోరోజు. ఇది మనకి తెలిసిన సత్యమే.

ఇంతవరకూ చెప్పింది చూసి, ఇదంతా పిల్లలాట, ఏ ప్రమాదమూ లేదు అనుకునేరు సుమా! కానే కాదు. ఆ ఇరుంగాట్టుకోట్టై ట్రాకులోనే 2023 జనవరిలో జరిగిన కార్ల పోటీలో 59 ఏళ్ళ అనుభవజ్ఞుడొకాయన పోయారు. అదే ఏడు ఆగస్టులో మోటారుసైకిళ్ళ పోటీలో బెంగుళూరు అబ్బాయి, పదమూడేళ్ళవాడు, పోయాడు. అవి పోటీలు, ట్రాక్ డేలు కావు. నిజమే. కానీ తారు తారే, గోడ గోడే. పదమూడేళ్ళవాడి సంగతి తలుచుకుంటే పెద్దవాళ్ళ ఇష్టాయిష్టాల గురించి మాట్లాడినంత తేలిగ్గా మాట్లాడలేం. తన ప్రాణం పణం పెట్టే హక్కు ముప్ఫై నాలుగేళ్ళవాడికి ఉందా అన్నది ఒక ప్రశ్న. చావంటే ఏమిటో ఇంకా తెలియని పిల్లాడి తరఫున ఆ హక్కు ఎవరికుంది అన్నది వేరే ప్రశ్న. రెండోదానికి జవాబు వెతుక్కోవడం నా వల్ల కాదు. మొదటిదాన్నే పట్టుకుంటాను.

అక్కడ ఒక కాయితం మీద సంతకం పెట్టిస్తారు. ఏం జరిగినా పూచీ నాదే, నిర్వాహకులని అడగను అని. మావాడు చదివి సంతకం పెట్టాడు. ఆ కాయితం నేనూ అడిగి తీసుకుని చూశాను. అడుగున ఒక చిన్న గడి ఉంది: "ప్రమాదం జరిగితే ఎవరికి తెలియజేయాలి?" అందులో మా కోడలి పేరూ, ఫోను నంబరూ ఉన్నాయి. సంతకం వాడిది, నంబరు ఆ పిల్లది.

నా మట్టుకు ధర్మసూక్ష్మమంతా ఆ గడిలోనే ఉంది. రోడ్డు మీద వేగంగా పోయేవాడు సంతకం పెట్టనివాళ్ళ ప్రాణాలతో ఆడుకుంటాడు. బడికి వెళ్ళే పిల్లా, కూరలమ్మే అవ్వా ఏ కాయితం మీదా సంతకం పెట్టలేదు. ఆ లెక్కన ట్రాకు వెయ్యి రెట్లు న్యాయమైన చోటు. అక్కడున్న వాళ్ళందరూ తెలిసే వచ్చారు. కానీ ఇంటిదగ్గరున్న వాళ్ళు? వాళ్ళు సంతకం పెట్టలేదు, పైగా అందరికన్నా ఎక్కువ మూల్యం చెల్లించేది వాళ్ళే.

అలాగని ప్రేమించినవాళ్ళకి మనిషి ప్రాణం మీద సర్వహక్కులూ ఇచ్చేస్తే ఏమవుతుంది? ఏ అమ్మ కొడుకూ పడవ ఎక్కడు, ఏ భార్య మొగుడూ కరెంటు స్తంభం ఎక్కడు. బతుకు అటకమీది ఇత్తడి బిందె అయిపోతుంది. సొట్ట పడదు, నీళ్ళూ మొయ్యదు. "అది బతుకు తెరువు, ఇది సరదా కదండీ" అంటారు మీరు. నిజమే. కానీ సరదా లేకుండా మనుషులు ఎన్నాళ్ళు మనుషులుగా ఉంటారు? ఇంకోమాట. మగవాడు ఇలాంటి సరదాకి పోతే దుడుకుతనం అని సరిపెట్టుకుంటాం. అదే ఆడపిల్ల పోతే, "పిల్లల గతేం కాను?" అని మొదట అడిగేది మనమే. ఆనాడు అక్కడ ఇద్దరు ఆడపిల్లలు కార్లు తోలారు. ఒకామె ఇద్దరు బిడ్డల తల్లి. ఆమెను చూసి నా మనసు ఒక్క క్షణం చివుక్కుమంది. మావాణ్ణి చూసి అలా అనిపించలేదేం అని నన్ను నేనే నిలదీసుకున్నాను. పిల్లల గతి ప్రశ్న న్యాయమైనదే. అడిగితే ఇద్దర్నీ అడగాలి.

ఈ క్రీడని నేను గౌరవించడానికి ఇంకో కారణం ఉంది. అది చావుని తలరాత అని సరిపెట్టుకోలేదు. 1994లో ఇటలీలోని ఇమోలాలో ఏప్రిల్ 30న రాట్జెన్‌బెర్గర్, మే 1న సెన్నా, రెండు రోజుల్లో ఇద్దరు పోయారు. ఆ దెబ్బతో ట్రాకులు మార్చారు, కార్లు మార్చారు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళపాటు ఫార్ములా వన్ పోటీల్లో డ్రైవరెవరికీ ప్రాణాంతకమైన గాయం తగల్లేదు. అమెరికాలో హబ్బర్డ్ అనే ప్రొఫెసరూ, డౌనింగ్ అనే రేసు డ్రైవరూ బావా బావమరుదులు. 1981లో స్నేహితుడొకడు ప్రమాదంలో పోతే, కారు గుద్దుకున్నప్పుడు ఒళ్ళు బెల్టుకి ఆగిపోయినా తల ముందుకి ఎగిరి మెడ విరుగుతోందని గ్రహించి, తలని భుజాలకి కట్టి ఉంచే సాధనం ఒకటి తయారుచేశారు. 2003 నుంచి ఫార్ములా వన్‌లో అది లేకుండా ఎవర్నీ బండి ఎక్కనివ్వరు. ఒక స్నేహితుడి చావు ఎన్ని ఇళ్ళల్లో దీపం నిలబెట్టిందో చూడండి!

మనమో? "రాసిపెట్టి ఉంటే ఇంట్లో కూర్చున్నా తప్పదు" అంటాం. ఇది వేదాంతం కాదు, బద్ధకం. తలరాత సంగతి తరవాత, ముందు తలంటూ ఉండాలి కదా!

ఇక ధైర్యం మాట. నికీ లాడా అని ఆస్ట్రియా దేశస్థుడు, 1975లో ప్రపంచ విజేత. 1976 ఆగస్టు 1న జర్మనీలో నూర్బుర్గ్‌రింగ్ ట్రాకులో కారు అంటుకుని ముఖం కాలిపోయింది. బతకడనుకున్నారు. ఆరువారాల్లో మళ్ళీ పందెంలో కూర్చున్నాడు. లోకమంతా ధైర్యమంటే ఇదీ అంది. కానీ నాకు అంతకన్నా గొప్పగా తోచింది ఆ ఏడాది చివర జపానులో ఆయన చేసిన పని. కుండపోత వాన. నిలిచి నడిపితే ప్రపంచ విజేత. రెండు చుట్లు తిరిగి, ఈ వానలో నడపడం తగదని కారు ఆపి దిగిపోయాడు. ఒక్క పాయింటు తేడాతో కిరీటం ఇంకొకడికి పోయింది. జట్టువాళ్ళు కారు చెడిపోయిందని చెబుదామన్నా ఒప్పుకోలేదుట. ఆ తరవాత 1977లో, 1984లో మళ్ళీ గెలిచాడు. 2019లో మంచంమీద, అయినవాళ్ళ మధ్య పోయాడు. నడపడానికి ధైర్యం కావాలి. పదిమంది చూస్తుండగా ఆపడానికి అంతకన్నా ఎక్కువ కావాలి.

మా ఇంటి తగువు చివరికి ఎలా తేలిందంటారా? ముందే మా కోడలు చాకలిపద్దు పుస్తకం వెనక పేజీలో తన షరతులు రాసింది. ప్రాణానికి వేరే పాలసీ తీసుకోవాలి, అందులో ఇలాంటి ఆటలకి మినహాయింపు లేదని కంపెనీవాళ్ళ చేత రాయించుకోవాలి. గురువు లేకుండా తిరగకూడదు. ఎన్ని సెకన్లలో తిరిగాడో గడియారం పెట్టి చూసుకోకూడదు. భోజనాలయ్యాక ఒక్క విడతే. కిందను వాడి చేత సంతకం పెట్టించి, తనూ పెట్టింది. పాలసీ కాయితం చేతికి వచ్చేదాకా రెండు నెలలు ఆగి, అప్పుడే రుసుము కట్టారని తరవాత తెలిసింది. ఆ పిల్ల ఏడ్చి ఆపలేదు, మొగుడు కదా అని వదిలెయ్యనూ లేదు. తన నంబరున్న కాయితం మీద తన సంతకం కూడా ఉండాలని పట్టుబట్టింది. ఇంతకన్నా మంచి దాంపత్యధర్మం నేను ఏ గ్రంథంలోనూ చూడలేదు.

మధ్యాహ్నం విడతలో మూడో చుట్టులో బ్రేకు కాస్త మెత్తబడ్డట్టు అనిపించిందిట వాడికి. లోపలికి వచ్చేశాడు. ఇంకా పావుగంట మిగిలి ఉంది, డబ్బు కట్టేసి ఉంది, తోటివాళ్ళు "ఏం కాదు బాస్, ఇంకో రెండు చుట్లు లాగించెయ్" అంటున్నారు. వాడు హెల్మెట్ తీసి కూతుర్ని ఎత్తుకున్నాడు. కోడలు ఏమీ అనలేదు. మజ్జిగ సీసా మూత తీసి అందించింది.

మీ ఇంట్లో ట్రాకులకి వెళ్ళేవాళ్ళు ఉండకపోవచ్చు. కానీ రేపు పొద్దున్న మీ వారో, అబ్బాయో, అమ్మాయో స్కూటరు తీసేటప్పుడు హెల్మెట్ నెత్తిన పెట్టుకున్నారో, అద్దానికి తగిలించుకున్నారో గుమ్మంలోంచి ఒక్కసారి చూడండి. వాళ్ళ జేబులో ఉన్న ఫోనులోనూ ఒక గడి ఉంటుంది. ఏమన్నా జరిగితే ఎవరికి తెలియజేయాలో అందులో ఉన్న నంబరు మీది. అడిగే హక్కు మీకుంది.